ఏడుపు రావట్లేదు, అదే భయంగా ఉంది

ప్రశ్న: నేను టీచర్‌ని. నా క్లాసులో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ పిల్లలుంటారు. మధ్యలో చదువు మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళు, రెండు మూడు స్కూళ్ళు మాకొద్దని పంపేసినవాళ్ళు, పోలీసు కేసుల దాకా వెళ్ళినవాళ్ళు, ఇంట్లో రోజూ కొట్లాటలు చూసి వచ్చేవాళ్ళు. ఈ పని నేను కోరి తెచ్చుకున్నదే. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఈ మధ్య ఏడుపు రావట్లేదు, అదే భయంగా ఉంది.

చాలాకాలం నోరు విప్పని ఒక అబ్బాయి మెల్లగా నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న వదిలేసి వెళ్ళిపోయిన సంగతి చెప్పాడు. ఆ తర్వాత వారం తిరక్కుండానే, వర్క్ ఎందుకు చెయ్యలేదని అడిగితే అందరి ముందూ ‘నువ్వు జీతం కోసం వస్తావు, మా మీద ప్రేమ ఉన్నట్టు యాక్టింగ్ చెయ్యకు’ అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. లోపల ఏమీ అనిపించలేదు. ‘పోతే పోయాడు, వీళ్ళింతే’ అనుకున్నాను. అలా అనుకున్నది నేనేనా అని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

అర్ధరాత్రి మెసేజ్‌లు వస్తాయి. చూడకపోతే ఏం జరుగుతుందోనని చూస్తాను. మా అబ్బాయికి పదకొండేళ్ళు, ‘నువ్వు ఇంట్లో ఉన్నా స్కూల్లోనే ఉంటావమ్మా’ అన్నాడు. మా ఆయన ఉద్యోగం మానెయ్యమంటున్నారు. మానేస్తే ఆ పిల్లల్ని వదిలేసిపోయిన వాళ్ళలో నేనూ ఒకదాన్నవుతాను. ఇంకొక అమ్మాయి చేతి మీద కోసుకుంటోంది, నాకొక్కదానికే చూపించి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. నేను చెడ్డ టీచర్‌నైపోయానా? ఈ పని మానెయ్యాలా?

— పేరు వద్దనుకున్న ఒక టీచర్

సమాధానం:

అమ్మా, మీరడిగిన రెండు ప్రశ్నలకీ వస్తాను. కానీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ అమ్మాయి సంగతి ముందు చూద్దాం. మిగతావన్నీ ఒక వారం ఆగుతాయి, ఇది ఆగదు.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. చదవడం పూర్తయ్యాక ఎప్పుడో కాదు, రేపు బడి తెరవగానే. అయితే ఆమె వెనకాల వెళ్ళి చెప్పడం వేరు, ఆమెకి చెప్పి వెళ్ళడం వేరు. విడిగా కూర్చోబెట్టుకుని ఇలా అనొచ్చు: “నువ్వు నన్ను నమ్మి చూపించావు. ఎవరికీ చెప్పనని నేనన్న మాట నిలబెట్టుకోలేను, ఎందుకంటే ఇది నేనొక్కదాన్నే చూసుకోగలిగిన విషయం కాదు. ప్రిన్సిపాల్‌గారికీ కౌన్సెలర్‌కీ చెప్తాను. నేను చెప్పనా, ఇద్దరం కలిసి వెళ్ళి చెప్దామా? ఇంట్లో ఎవరికి చెప్తే నీకు పర్వాలేదో అది కూడా వాళ్ళతో కలిసి మాట్లాడుకుందాం.” చెప్పాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉండదు. ఎలా చెప్పాలన్నది మాత్రం కొంతైనా ఆమె చేతిలో పెట్టండి. కోపం వస్తుంది, రెండు మూడు వారాలు మీ మొహం చూడకపోవచ్చు. చూడకపోనివ్వండి.

కోసుకునే పిల్లలందరూ చచ్చిపోవాలనే కోసుకోరు. చాలామందికి అది భరించలేని బాధని కాసేపు అణచుకునే దారి. కానీ అలా చేసుకునేవాళ్ళలో ఆత్మహత్య ప్రమాదం మిగతా పిల్లలకన్నా ఎక్కువన్నది తెలిసిన విషయమే, కాబట్టి సూటిగా అడగాలి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది టీచర్లు జంకుతారు. అలా జరగదని ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి, పైగా అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఆ క్షణం నుంచి ఆమెని ఒంటరిగా వదలొద్దు. అదే రోజు వైద్య సాయం అందాలి. ‘ఇంకెప్పుడూ కోసుకోనని నాకు మాటివ్వు’ అని మాత్రం అడగకండి. ఆ మాట నిలబెట్టుకోలేకపోయిన రోజు ఆమె ముందు దాచేది మీ దగ్గరే.

ఇక ముందు ఏ పిల్లైనా ‘ఒక విషయం చెప్తాను, ఎవరికీ చెప్పనంటేనే’ అని మొదలుపెడితే, చెప్పేలోపే మీ మాట చెప్పేయండి: “నీ ప్రాణానికో ఒంటికో ముప్పు ఉన్న విషయమైతే నేను ఇంకొకరికి చెప్పాల్సి ఉంటుంది. మిగతాదేదైనా నా దగ్గరే ఉంటుంది.” ఇలా అంటే పిల్లలు చెప్పడం మానేస్తారేమో అనిపిస్తుంది. చాలామంది ఆ మాట విన్నాక కూడా చెబుతారు. కొందరు సరిగ్గా అందుకే చెబుతారు.

ఇప్పుడు మీ సంగతి.

ఏడుపు రాకపోవడాన్ని మీరు మీ గుణం మారిపోయినట్టు తీసుకుంటున్నారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ‘బర్న్‌ఔట్’ గురించి, అంటే పనిలో మనసు అలిసి ఖాళీ అయిపోవడం గురించి, మొదటిసారి రాసినప్పుడు ఆయన ముందున్నది బద్ధకస్తులు కాదు. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో మత్తుకి అలవాటుపడ్డ కుర్రాళ్ళ కోసం పగలూ రాత్రీ పనిచేసిన వాలంటీర్లు, వాళ్ళతోపాటు ఆయన కూడా. అందరికన్నా ఎక్కువ మనసు పెట్టినవాళ్ళే ముందు చల్లబడిపోయారు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త దీన్ని కొలవడానికి 1981లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి మూడు: మనసు అలిసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక ఒక కేసుగా చూడటం, నేను చేసేదాని వల్ల ఏమీ ఒరగట్లేదనిపించడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. ‘వీళ్ళింతే’ అన్నారు చూడండి, అది రెండోది. ఇక భరించలేనన్నప్పుడు మనసు తలుపు వేసుకుంటుంది. ఆ మాట అనుకున్నందుకు రాత్రంతా నిద్రపోని మనిషికి పిల్లల మీద ప్రేమ పోయిందంటే నేను నమ్మను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధుల జాబితాలో జబ్బుగా కాకుండా, పని నుంచి పుట్టే పరిస్థితిగా చేర్చింది. సరిగా సర్దుకోని దీర్ఘకాలపు పని ఒత్తిడి దీనికి కారణమని రాసింది. ఇది మీకెందుకు పనికొస్తుందంటే, కారణం పనిలో ఉన్నప్పుడు మందు మొత్తం మీలోనే వెతుక్కోనక్కర్లేదు. యోగా చెయ్యండి, పాజిటివ్‌గా ఆలోచించండి అని చెప్పేవాళ్ళు మీకు ఇప్పటికే బోలెడుమంది దొరికి ఉంటారు, నేనూ ఆ వరసలో చేరను. ఒక్క జాగ్రత్త మాత్రం: సెలవు రోజుల్లో కూడా ఏదీ రుచించకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, బతికి ఏం లాభమనిపించడం రెండు వారాలకి మించి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆ అబ్బాయి దగ్గరికొద్దాం. నన్నడిగితే మీ ఉత్తరంలో అసలు సంగతి వాడే.

రోజులు వరసగా పెట్టి చూడండి. చాలాకాలం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు, అంటే తనకి అన్నిటికన్నా నొప్పి ఉన్న చోటు మీకు చూపించాడు. ఆ వారంలోనే మిమ్మల్ని కొట్టాడు, మాటతో. ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. చూపించినందుకు వాడికి భయమేసింది. ఇంతకుముందు దగ్గరైన మనిషి వెళ్ళిపోయాడు, ఈవిడ కూడా వెళ్ళిపోతే? ఎప్పుడో వెళ్ళిపోయే బదులు ఇప్పుడే వెళ్ళగొడితే ఆ ఎదురుచూపైనా తప్పుతుంది. కాలువ మీద వేసిన పలకని అడుగు పెట్టేముందు కాలితో గట్టిగా తొక్కి చూస్తారు కదా, వాడు చేసిందీ అదే. పలకకి అది తన్నులాగే తగులుతుంది, అందులో అబద్ధం లేదు.

డొనాల్డ్ విన్నికాట్ అనే ఇంగ్లండ్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఇళ్ళు వదిలి వచ్చిన పిల్లల వసతి గృహాల్లో పనిచేశాడు. ఏ ఇంట్లోనూ ఇమడలేక, ఎవరూ ఉంచుకోలేక చివరికి అక్కడికి చేరిన పిల్లలు వాళ్ళు. దొంగతనం, విరగ్గొట్టడం, తిట్టడం చూసి చూసి, 1956లో ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చాలామందికి మింగుడుపడదు: ఇలాంటి పిల్లల చెడు ప్రవర్తనలో ఆశ ఉంటుందని. ఆశ పూర్తిగా చచ్చిపోయిన పిల్లాడు అల్లరి చెయ్యడు, మూలన పడి ఉంటాడు. ఎవరో ఒకరు నిలబడతారేమోనని ఎక్కడో అనిపించినప్పుడే తన్ని చూస్తాడు. మీ క్లాసులోని ఆ అబ్బాయి మౌనంగా ఉన్నన్నాళ్ళూ మీకే ఇబ్బందీ పెట్టలేదు. ఇబ్బంది పెట్టడం మొదలైంది మీ మీద గురి కుదిరాకే.

ఇంత చెప్పి, అందుకని పడి ఉండండి అనడం లేదు. అందరి ముందూ టీచర్‌ని అవమానించడం తప్పే. దానికి ఆ బడిలో ఏ నియమం ఉంటే అది వాడికీ వర్తించాలి. నియమం సడలిస్తే వాడికి అర్థమయ్యేది ‘ఈవిడ నన్ను చూసి భయపడింది’ అనో ‘నన్ను వదిలేసింది’ అనో మాత్రమే. అయితే శిక్ష పడ్డాక కూడా మనిషి మిగిలే ఉందని వాడికి కనిపించాలి. అమెరికాలో జేసన్ ఒకోనోఫువా, ఆయన సహచరులు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. 5 బడుల్లో 31 మంది లెక్కల టీచర్లకి, పిల్లల తప్పు ప్రవర్తన వెనక కారణాలు ఏముంటాయి, వాళ్ళ మాట విని గౌరవంగా సరిదిద్దడం ఎలా అన్నదాని మీద చదివించి, వాళ్ళ చేత రాయించారు. ఆన్‌లైన్‌లో చేసే చిన్న అభ్యాసం అది, నెలల తరబడి శిక్షణ ఏమీ కాదు. ఆ టీచర్ల పిల్లల్లో ఏడాదిలో సస్పెండ్ అయినవాళ్ళు 4.8 శాతం. ఆ అభ్యాసం చెయ్యని టీచర్ల పిల్లల్లో 9.6 శాతం. పిల్లలు అలాంటివాళ్ళే, నియమాలు అవే. చూసే కన్ను మారింది.

మర్నాడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. బెల్ కొట్టాక, అందరూ కూర్చున్నాక వస్తాడు. బ్యాగు ఒక భుజానికి వేలాడుతుంటుంది. మిమ్మల్ని చూడడు, కానీ మీ చేతులెక్కడున్నాయో, నోరు ఎలా బిగించారో అన్నీ గమనిస్తూనే చివరి బెంచీ దాకా నడుస్తాడు. అప్పుడు ఉపన్యాసం వద్దు, మౌనమూ వద్దు. “వచ్చావా, కూర్చో. నలభై రెండో పేజీ.” అంతే. మీ గొంతు నిన్నటి ముందురోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. క్లాసయ్యాక, ఎవరూ లేనప్పుడు: “నిన్న నువ్వన్న మాట నాకు బాధ కలిగించింది. జీతం సంగతి నిజమే, తీసుకుంటాను, లేకపోతే ఇల్లు గడవదు. కానీ నువ్వు బాగుంటే నాకు సంతోషంగా ఉండటానికి ఎవరూ జీతమివ్వరు. అందరి ముందూ అలా అనడానికి మాత్రం ఒప్పుకోను. దానికి ఏం చెయ్యాలో అది చేస్తావు. రేపటి పని మనకి అలాగే ఉంది.” వాడు ‘సరే’ అనకపోవచ్చు. భుజాలెగరేసి వెళ్ళిపోవచ్చు. సారీ చెప్పించడానికి పట్టుబట్టకండి. ఆ వయసులో, అన్ని దెబ్బలు తిన్నాక, సారీ చాలా ఖరీదైన మాట. కొందరు దాన్ని బోర్డు తుడవడంగానో అడక్కుండా పుస్తకాలు మోయడంగానో చెల్లిస్తారు.

మీరు నవ్వి ఊరుకున్నారు కదా, నాకు అక్కడే అభ్యంతరం. సాటి టీచర్లు అది ఓర్పని మెచ్చుకునే ఉంటారు. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల ఉద్యోగాన్ని దగ్గరగా చూసి, మొహాన నవ్వు పులుముకుని లోపలిది దాచుకోవడం కూడా ఒక చాకిరీయేనని, దానికి మూల్యం ఉంటుందని చెప్పింది. తర్వాత జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త ప్రయోగశాలలో చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, మొహంలో కనబడకుండా అణచుకున్నంత మాత్రాన లోపలి బాధ తగ్గదు, శరీరం మాత్రం ఇంకా కష్టపడుతుంది. సాయంత్రానికి మీరు ఎందుకు పీల్చి పిప్పైపోతున్నారో దీంట్లో కొంత జవాబుంది.

పైగా ఆ నవ్వు పిల్లల దగ్గర పనిచెయ్యదు. తన్నులు తింటూ పెరిగిన పిల్లలు కోపపు మొహాన్ని మిగతా పిల్లలకన్నా తక్కువ ఆనవాళ్ళతోనే పసిగడతారని సేథ్ పొలాక్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చూపించాయి. ఇంటికొచ్చిన నాన్న ఈ రోజు ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పులు విడిచే చప్పుడులోనే కనిపెట్టాల్సి వచ్చిన పిల్లలు వాళ్ళు. మీ పెదాలు నవ్వుతూ కళ్ళు నవ్వకపోతే వాళ్ళకి అది ఓర్పులా కనిపించదు, ముంచుకొస్తున్న ప్రమాదంలా కనిపిస్తుంది. ‘యాక్టింగ్ చెయ్యకు’ అన్న మాట ఊరికే రాలేదేమో. కోపం వచ్చినప్పుడు “ఇప్పుడు నాకు కోపంగా ఉంది, సరిగ్గా మాట్లాడలేను, లంచ్ తర్వాత మాట్లాడదాం” అని చెప్పి, లంచ్ తర్వాత నిజంగా మాట్లాడటం ఆ పిల్లల్లో చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. కోపం వచ్చిన పెద్దమనిషి కొట్టకుండా, తిట్టకుండా, మాయమైపోకుండా తిరిగి రావడం వాళ్ళకి పాఠ్యపుస్తకంలో లేని పాఠం.

ఇంటికి మోసుకెళ్ళే బరువు గురించి. టానియా సింగర్ అనే నాడీశాస్త్రవేత్త బృందం ఒక తేడా చూపించింది. ఎదుటివాళ్ళ బాధని తమ బాధగానే అనుభవించడం సాధన చేసినవాళ్ళలో దిగులు పెరిగింది. అదే మనుషులు తర్వాత, బాధలో ఉన్నవాళ్ళు బాగుండాలని కోరుకుంటూ, వాళ్ళకి ఏం చెయ్యగలమన్న వైపు మనసు పెట్టడం సాధన చేస్తే దిగులు తగ్గి మంచి భావాలు పెరిగాయి. రాత్రి మంచం మీద మీరు చేస్తున్నది మొదటిది అని నా అనుమానం. ఆ పిల్ల ఇంట్లో ఇప్పుడేం జరుగుతోందో, ఆమె స్థానంలో నేనుంటే ఎలా ఉండేదో అని సినిమా చూసినట్టు చూస్తున్నారు. దాంతో ఆ పిల్లకి ఒక్క వీసమెత్తు బాధ తగ్గదు. అలా చూస్తున్నట్టు గమనించినప్పుడు ‘రేపు ఈమె కోసం నేను చెయ్యగలిగిన ఒక్క పని ఏమిటి’ అని మార్చి అడగండి. జవాబు చిన్నదైనా పర్వాలేదు: పొద్దున్న రాగానే పేరు పెట్టి పలకరించడం, ఫలానా సార్‌తో మాట్లాడటం. అది కాగితం మీద రాసి పెట్టేయండి.

రాసే చోటు స్కూల్లోనే ఉంటే ఇంకా మంచిది. బయలుదేరేముందు పది నిమిషాలు: ఇవాళ ఎవరి గురించి మనసు బరువెక్కింది, నేనేం చేశాను, రేపు ఏం చెయ్యాలి, ఎవరికి అప్పగించాను. పిల్లల పేర్లు వద్దు, మీకర్థమయ్యే గుర్తులు చాలు. ఆ పుస్తకం సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చేయండి. మొదటి వారం ఇది ఉత్త తంతులా ఉంటుంది. ఉండనివ్వండి.

మెసేజ్‌లకి ఒక వేళ పెట్టండి, పిల్లలకి ముందే చెప్పి. “సాయంత్రం ఏడు దాటాక నా ఫోన్ చూడను. ఏడు తర్వాత ప్రాణం మీదికొస్తే ఫలానా నంబర్‌కి చెయ్యండి” అని. ఆ ఫలానా నంబర్ మీది కాకూడదు. బడి బాధ్యత తీసుకున్న మనిషిదో, రాత్రిపూట పలికే అత్యవసర సేవదో కావాలి, నిజంగా పలుకుతుందో లేదో మీరు ముందే చేసి చూడాలి. మొదట్లో పిల్లలు పరీక్షిస్తారు, పదకొండింటికి ‘మేడం ఉన్నారా’ అని. మర్నాడు పొద్దున “రాత్రి మెసేజ్ ఇప్పుడే చూశాను, చెప్పు” అనండి. మెసేజ్ పట్టించుకోకపోవడానికీ, చెప్పిన వేళకి పట్టించుకోవడానికీ ఉన్న తేడా వాళ్ళకి నాలుగైదు సార్లలో తెలిసిపోతుంది. అర్ధరాత్రి ఒకసారి పలికి ఇంకోసారి నిద్రపోయే టీచర్‌కన్నా ఎప్పుడూ పొద్దున్నే పలికే టీచర్ ఆ పిల్లలకి మేలు. ఎప్పుడు ఉంటారో ఎప్పుడు ఉండరో తెలియని మనుషులతో వాళ్ళకి ఇప్పటికే చాలా అనుభవం ఉంది.

ఇంకొకటి మీరు అడగలేదు, నేనే అంటాను. మీ ఉత్తరంలో పిల్లలున్నారు, మీ ఆయన, మీ అబ్బాయి ఉన్నారు. తోటి టీచర్ ఒక్కరూ లేరు. ఇలాంటి బాధలు వినడమే పనిగా ఉన్న మానసిక చికిత్సకులకి, తాము విన్నదాన్ని అనుభవజ్ఞుల ముందు క్రమం తప్పకుండా పెట్టుకునే ఏర్పాటు వృత్తిలో భాగంగానే ఉంటుంది. అదే బాధలు వింటూ, పైగా పాఠం చెప్పి, పేపర్లు దిద్ది, హాజరు వేసే టీచర్‌కి ఉండేది స్టాఫ్ రూమ్ ఒక్కటే. అక్కడేమో ‘ఆ బ్యాచ్ మీకే రాసిపెట్టి ఉంది మేడం’ అన్న జోకులు. అందులో ఒక్కరినైనా ఎంచుకోండి. వారానికి అరగంట, తలుపు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు. సలహాలు వద్దు, పిల్లల మీద చాడీలు వద్దు. నీకేం జరిగింది, నీకేమనిపించింది, అంతే. అలాగే ఆ అబ్బాయిలాంటి పిల్లలకి మీతో పాటు ఇంకో పెద్దమనిషి పరిచయం ఉండాలి. ఆటల సార్ కావచ్చు, లైబ్రరీలో ఉండే ఆవిడ కావచ్చు. వాడికి ప్రపంచంలో మీరొక్కరే దిక్కైతే అది మీకు గొప్పగా అనిపించొచ్చు, వాడికది ప్రమాదం. మీకు జ్వరమొచ్చిన రోజు వాడికెవరూ ఉండరు.

చేసినదాని వల్ల ఏమైనా ఒరిగిందా అన్న ప్రశ్నకి నా దగ్గర ఉన్న నమ్మకమైన జవాబు హవాయిలోని కవాయ్ దీవి నుంచి వచ్చింది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్‌ల బృందం దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చింది. పేదరికం, తల్లిదండ్రుల గొడవలు, తాగుడు, మానసిక వ్యాధులు, ఇలాంటివి నాలుగో అంతకన్నా ఎక్కువో చిన్నతనంలోనే మీద పడ్డ పిల్లల్లో మూడింట రెండొంతుల మంది చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బందుల్లో పడ్డారు. మూడో వంతు మంది మాత్రం నిలదొక్కుకుని సమర్థులైన పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ జీవితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది తమని పట్టించుకున్న, నిలకడగా ఉన్న ఒక పెద్దమనిషి: తాతో, అమ్మమ్మో, పిన్నో, టీచరో. నాకు ఇంకా బలంగా తోచేది దాని తర్వాతి సంగతి. టీనేజీలో దారి తప్పిన వాళ్ళలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలు వచ్చేసరికి కుదుటపడ్డారు. ఆ సంగతి వాళ్ళకి పాఠం చెప్పిన టీచర్లలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? మీరు చూస్తున్నది పదిహేనో ఏడు. ఆ లెక్క అప్పటికే తేలదు. ఇప్పటికి మీకు కనబడే ఫలితం, అంత మాట అన్నాక కూడా వాడు మర్నాడు బడికి రావడం. అది చిన్నది కాదు.

అందరూ బాగుపడతారని మాత్రం చెప్పను. కొందరు పడరు. మీరు అన్నీ సరిగ్గా చేసినా పడరు. దానికి మిమ్మల్ని మీరు కోర్టులో నిలబెట్టుకోకండి.

మానెయ్యాలా? ఈ నెలలో నిర్ణయించకండి. అవమానం జరిగిన వారంలో తీసుకున్న నిర్ణయం ఆ అవమానం తీసుకున్నదే అవుతుంది. ముందు ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్ళి, మాటల్లో కాదు, కాగితం మీద అడగండి: రోజులో ఒక్క పీరియడ్ ఖాళీ, రాత్రి అత్యవసరాలకి ఇంకో నంబర్, పిల్లలు ప్రమాదం గురించి చెప్పినప్పుడు ఎవరికి ఎలా చెప్పాలన్న స్పష్టమైన పద్ధతి, క్లాసు చెయ్యి దాటినప్పుడు వచ్చి నిలబడే ఇంకొక మనిషి. ఇవేవీ దయతో ఇచ్చేవి కావు. ఈ పని జరగాలంటే ఉండాల్సినవి. ఒక టర్మ్ చూడండి. ఇవి జరిగితే మీరిప్పుడున్న పరిస్థితి చాలావరకు మారుతుందని నా నమ్మకం. ఏవీ జరక్కపోతే, లేదా జరిగినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో అదే దేవినట్టుంటే, మానెయ్యండి. అప్పుడు మానెయ్యడం పిల్లల్ని వదిలెయ్యడం అవ్వదు.

ఎలా వెళ్ళారన్నది మాత్రం ఆ పిల్లలకి చాలా ముఖ్యం. సెలవులయ్యాక వచ్చి చూస్తే మేడం లేరు అన్నట్టు వద్దు. నెల ముందే, తేదీతో సహా, మీ నోటితో మీరే చెప్పండి. కారణం అబద్ధం చెప్పకండి, ‘మీ వల్ల కాదు, నా ఒంట్లో ఓపిక తగ్గింది’ అంటే చాలు. మీ తర్వాత వచ్చే టీచర్‌ని ఒక వారమైనా మీతో పాటు క్లాసులో కూర్చోబెట్టండి. కోపాలు వస్తాయి, ఆ అబ్బాయి బహుశా మాట్లాడడు. అయినా చెప్పి వెళ్ళిన మనిషి వాళ్ళకి ఒకరు ఉంటారు.

మీ ఆయనకి ఈ ఉత్తరమూ జవాబూ చూపించండి. మానెయ్యమని ఆయన అంటున్నది మిమ్మల్ని చూడలేకనే అనిపిస్తోంది నాకు. ఒక టర్మ్ గడువు అని చెబితే ఆయనకీ ఊపిరాడుతుంది. ఇక మీ అబ్బాయి. వాడన్నది ఫిర్యాదు కాదు, ఉన్న సంగతి చెప్పాడంతే. ‘ఇక నుంచి అలా ఉండనులే నాన్నా’ అని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. రాత్రి ఏడు నుంచి వాడు పడుకునే దాకా ఫోన్ వేరే గదిలో పెట్టండి, ఆ సంగతి వాడికీ చెప్పండి. మీరు మరిచిపోయి తీస్తే గుర్తుచేసే పని వాడికే అప్పజెప్పండి. పదకొండేళ్ళవాడు ఆ ఉద్యోగం ఎంత కచ్చితంగా చేస్తాడో మీరే చూస్తారు.